ఆంగ్ల దీర్ఘపదములు – పలుకు విభజన, అర్థ విభజన

మన కళాశాలలో చదువు విద్యార్థులకు మూడు భాషలతో నిత్యము పని యుండును. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, పాఠ్యగ్రంథములలో ఇంగ్లీషు. మొదటి రెండు భాషలను వారు చెవితో నేర్చిరి. మూడవదానిని కంటితో నేర్చుచున్నారు. అందువలననే పదునైదు, ఇరువది వర్ణముల ఇంగ్లీషు పదము ఎదురైనప్పుడు వారి చూపు దాని మొదటి భాగముపై ఒకమారు, చివరి భాగముపై ఒకమారు నిలిచి, నడుమ భాగమును దాటిపోవును. పైకి చదువుచున్న విద్యార్థి గొంతు సరిగా అచ్చటనే తగ్గును. చూచుటకు ఇది చిన్న విషయము; దాని ఫలితము చిన్నది కాదు. కొందరు ఆ పదమును బట్టీ పట్టుదురు. పరీక్షలో ఒక వర్ణము తప్పగనే పట్టినదంతయు జారిపోవును. మరికొందరు ఇంగ్లీషు తమకు అబ్బదని నిశ్చయించుకొని, బుద్ధిబలము ఉండియు, ఆ భాషలో బోధించు విద్యల వైపే చూడరు. కళాశాల విడిచిన పిదపను ఉద్యోగ ప్రకటనలో, ఆసుపత్రి చీటిలో, కచేరీ కాగితములో ఆ దీర్ఘపదములే ఎదురగును.

తెలుగు బోధించువారికి ఇంగ్లీషు పదములతో పనియేమి అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఇంగ్లీషు దీర్ఘపదమును విడదీయుటకు కావలసిన పనిముట్లన్నియు తెలుగు వ్యాకరణ తరగతిలోను, ఉర్దూ తరగతిలోను విద్యార్థుల చేతికి ఇదివరకే అందినవి. గురులఘువులు, ఉపసర్గలు, ప్రత్యయములు, సంధులు – ఇవియే ఆ పనిముట్లు. వానిని ఇంగ్లీషు పదముపై ప్రయోగించుట మాత్రమే మిగిలియున్నది. ఆ ప్రయోగము ఎట్లు జరుగునో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

రెండు విధముల విభజన

ఏ పదమునైనను రెండు విధములుగ విడదీయవచ్చును. చెవికి వినబడు తునకలుగ విడదీయుట మొదటిది; అర్థమునిచ్చు తునకలుగ విడదీయుట రెండవది. ఇంగ్లీషువారు మొదటి తునకను సిలబుల్ అనియు, రెండవదానిని మార్ఫీమ్ అనియు అందురు. ఈ వ్యాసములో మొదటిదానిని అక్షరమనియు, రెండవదానిని పదాంశమనియు వ్యవహరింతము. ఏ, బీ, సీ మొదలగు లిపి గుర్తులను వర్ణములందము.

తెలుగులోనే ఒక ఉదాహరణము చూతము. 'చదివించలేకపోయినవారికి' అను పదము కలదు. చెవికి ఇది చ-ది-విం-చ-లే-క-పో-యి-న-వా-రి-కి అని పండ్రెండు అక్షరములు. అర్థమును బట్టి చూచినచో చదువు అను ధాతువు, ఇతరులచేత చేయించుటను తెలుపు 'ఇంచు', అశక్తతను తెలుపు 'లేక', జరిగిపోవుటను తెలుపు 'పో', భూతకాలమును తెలుపు 'ఇన', మనుష్యులను తెలుపు 'వారు', విభక్తియైన 'కి' – మొత్తము ఏడు పదాంశములు. ఇంత పదమును చూచి తెలుగు ఎరిగినవాడెవడును భయపడడు. విన్న క్షణముననే అర్థము చేసికొనును. దీర్ఘపదమును విడదీయు శక్తి మనలో లేదనుట సరికాదు. ఆ శక్తిని ఇంగ్లీషుపై ఉపయోగించుటయే మనకు అలవాటు కాలేదు.

పలుకు విభజన

అక్షరమునకు ప్రాణము అచ్చు. ఒక పదములో ఎన్ని అచ్చుల ధ్వనులు వినబడునో సామాన్యముగా అన్ని అక్షరములుండును. ఇచ్చట లెక్కింపవలసినది ధ్వనిని, వర్ణమును కాదు. 'స్ట్రెంగ్త్స్' అను పదమునకు వ్రాతలో తొమ్మిది వర్ణములు. పలుకులో అది ఒకే అక్షరము. 'ఐడియా' అను పదమునకు వ్రాతలో నాలుగే వర్ణములు. పలుకులో ఐ-డి-య అని మూడు అక్షరములు. 'బ్యూటిఫుల్' అను పదములో బీ అను వర్ణము తరువాత ఈ, ఏ, యూ అని మూడు అచ్చు వర్ణములు వరుసగా నిలిచియున్నవి. వినబడునది ఒక్క అచ్చే. ఇంగ్లీషులో అచ్చు వర్ణములు ఐదు, వైతో కూడ ఆరు. కాని ప్రామాణికమైన బ్రిటిష్ ఉచ్చారణలో అచ్చుల ధ్వనులు ఇంచుమించు 20 అని ధ్వనిశాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఐదారు గుర్తులు ఇరువది ధ్వనుల బరువును మోయవలసివచ్చినందుననే ఇంగ్లీషు వ్రాతయు పలుకును ఒకదానికొకటి దూరమైనవి.

తునక ఎచ్చట ముగియును? రెండు అచ్చుల నడుమ ఒకే హల్లు ఉన్నచో అది సామాన్యముగా వెనుక వచ్చు అచ్చుతో చేరును. రెండు హల్లులున్నచో తరచుగా ఒకటి ముందరి అక్షరమును మూయును, రెండవది తరువాతి అక్షరమును ప్రారంభించును. ఈ సంగతి మన ఛందస్సు ఎరిగినవారికి క్రొత్తది కాదు. 'సత్యము' అను పదమును స-త్య-ము అని వ్రాసినను, చెవికి అది సత్-య-ము అనియే వినబడును. అందువలననే సంయుక్తాక్షరమునకు ముందున్న 'స' గురువగుచున్నది. ఉర్దూ ఛందస్సులోను ఇదే పని కలదు. పద్యపాదమును ధ్వనుల తునకలుగ ఖండించుటను అచ్చట తఖ్తీ అందురు. ఆ మాటకు అర్థమే ముక్కలు చేయుట. గణవిభజన చేయగల తెలుగు విద్యార్థికిని, తఖ్తీ చేయగల ఉర్దూ విద్యార్థికిని ఇంగ్లీషు అక్షర విభజన కష్టము కానేరదు.

మన భాషల స్వభావము ఈ విషయములో ఒక చిక్కును కూడ కలిగించుచున్నది. తెలుగు పదము అజంతము. కనుక ఇంగ్లీషులో ఒకే అక్షరముగ నున్న 'బస్' తెలుగులో బస్సు అయి రెండక్షరములైనది. కారు, పెన్ను, రైలు అట్టివే. పదాదిని సకారముతో కూడిన సంయుక్తము ఉర్దూ మాటలాడువారి నోట ముందొక ఇకారమును చేర్చుకొనును; స్కూల్ అనునది ఇస్కూల్ అగును. అరువు తెచ్చుకొన్న పదమును ఇంటి అలవాటునకు మలచుకొనుట తప్పు కాదు. ప్రతి భాషయు ఆ పని చేయును. ఇంగ్లీషు పుటను పైకి చదువునప్పుడు మాత్రము చేర్చిన అచ్చును తొలగింపవలెను. లేనిచో అక్షరముల లెక్క తప్పును. లెక్క తప్పినచో ఊనిక తప్పును.

ఊనిక

ఊనిక అనగా ఒక అక్షరమును తక్కినవానికంటె బలముగ పలుకుట. తెలుగులో ఊనిక మారినంత మాత్రమున పదము మారదు. ఇంగ్లీషులో దీర్ఘపదమునకు అదియే వెన్నెముక. 'ఫోటోగ్రాఫ్' అనుచో మొదటి అక్షరముపై ఊనిక. తీయువానిని 'ఫొటాగ్రఫర్' అనుచో రెండవ అక్షరముపై. 'ఫోటోగ్రాఫిక్' అనుచో మూడవ అక్షరముపై. ధాతువు ఒకటే, చేరిన ప్రత్యయము ఊనికను జరుపుచున్నది. అచ్చుల రంగు కూడ దానితో మారుచున్నది.

ఇచ్చట గుర్తుంచుకొనదగిన సూత్రమొకటి కలదు. 'షన్' అని పలుకబడు ప్రత్యయము, 'ఇక్', 'ఇటీ' అను ప్రత్యయములు తమకు ముందున్న అక్షరముపై ఊనికను నిలుపును. ఎగ్జామినేషన్ అనుచో 'నే' పై, ఎకనామిక్ అనుచో 'నా' పై, ఎలెక్ట్రిసిటీ అనుచో 'ట్రి' పై ఊనిక పడుటకు కారణమిదియే. ఈ ఒక్క సూత్రము వందల కొలది పదములకు పనికివచ్చును. అపవాదములు కొన్ని కలవు. వానిలో మనకు దగ్గరిది 'అరబిక్' అను పదము. దానిలో ఊనిక మొదటి అక్షరముపైననే యున్నది.

అర్థ విభజన

అర్థమును బట్టి విడదీయునప్పుడు మూడు భాగములను వెదకవలెను. ముందు చేరునది ఉపసర్గ, నడుమ నిలుచునది ధాతువు, వెనుక చేరునది ప్రత్యయము. ఆహారము, విహారము, సంహారము, పరిహారము అను పదములలో 'హారము' ఒకటే. ముందు చేరిన ఉపసర్గ తినుటను, తిరుగుటను, చంపుటను, తప్పును తీర్చుటను వేరువేరుగా తెలుపుచున్నది. ఇంగ్లీషులో 'పోర్ట్' అట్టిదే. లాటిన్ భాషలో దానికి మోయుట అని అర్థము. ఇంపోర్ట్ లోనికి మోయుట, ఎక్స్‌పోర్ట్ వెలికి మోయుట, ట్రాన్స్‌పోర్ట్ ఒకచోటినుండి మరియొకచోటికి మోయుట, సపోర్ట్ క్రిందినుండి మోయుట. వేరువేరుగ కంఠస్థము చేసిన నాలుగు పదములు ఒక ధాతువును ఎరిగినంతనే ఒక కుటుంబమగును.

ఉర్దూలోను ఇట్టి నిర్మాణము సమృద్ధిగ కలదు. బేకార్, బేఖబర్ అను పదములలో 'బే' లేమిని తెలుపును. నాలాయక్, నాపసంద్ అను పదములలో 'నా' నిషేధమును తెలుపును. గైరుహాజరు అను మాట తెలుగు బడుల పట్టికలలోనికి కూడ వచ్చినది. జమీందారు, తహసీల్దారు అను పదములలో 'దార్' అనునది కలిగినవాడని చెప్పును. దవాఖానా, కార్ఖానా అను పదములలో 'ఖానా' స్థలమును తెలుపును. ఇవన్నియు ఫారసీ పద్ధతిని అనుసరించిన నిర్మాణములు. అరబ్బీ పద్ధతి వేరు. అచ్చట ధాతువు మూడు హల్లుల చట్రము. అచ్చులు దాని నడుమ నేతలోని పేకవలె చొచ్చును. క-త-బ అను హల్లులనుండి కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తూబ్ అను పదములు పుట్టినవి. ఇంగ్లీషు పదములు ఎక్కువగా ఫారసీ, తెలుగు పదములవలె వరుసగా అతికినవే; విడదీయుట సులభము.

సంస్కృత శబ్దములు ఎరిగినవారికి మరియొక లాభము కలదు. కలకత్తాలో న్యాయమూర్తిగ నుండిన సర్ విలియం జోన్స్ 1771లో ఫారసీ వ్యాకరణమును ప్రకటించిన పండితుడు. ఆయన 1786లో ఏషియాటిక్ సొసైటీలో ప్రసంగించుచు, సంస్కృతము, గ్రీకు, లాటిన్ భాషలకు మూలమొకటియే యుండవలెనని ప్రతిపాదించెను. తరువాతి భాషాశాస్త్రము ఆ మాటను నిలబెట్టినది. తెలుగు ద్రావిడ కుటుంబమునకు చెందినదైనను, మనము నిత్యము వాడు సంస్కృత పదముల మూలమున ఆ బంధుత్వము మన చేతికి కూడ అందుచున్నది. ఉపరి అను సంస్కృత శబ్దమునకు గ్రీకులో తోబుట్టువు 'హైపర్'. అర్థము పైన, మించి. ఉప అను దానికి తోబుట్టువు 'హైపో', అర్థము క్రింద. అంతర్ అను దానికి లాటిన్‌లో 'ఇంటర్'. అనారోగ్యములోని 'అన్' ఇంగ్లీషు అన్‌హెల్తీలోని 'అన్' తోబుట్టువులే.

పదాంశములు ఏ క్రమములో చేరినవో కూడ గమనింపవలెను. 'అన్‌లాకబుల్' అను పదములో లాక్ అనగా తాళము వేయుట. మొదట 'అబుల్' చేరి, తరువాత 'అన్' చేరినచో తాళము వేయ వీలుకానిదని అర్థము. మొదట 'అన్' చేరి, తరువాత 'అబుల్' చేరినచో తాళము తీయ వీలైనదని అర్థము. తునకలు అవియే, కూర్పు మారగనే అర్థము తలక్రిందులైనది.

దీర్ఘపదములలో ప్రసిద్ధికెక్కిన 'యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం' ఈ కూర్పునకు మంచి పాఠము. దానికి 28 వర్ణములు, 12 అక్షరములు, పదాంశములు ఆరే. ఎస్టాబ్లిష్ అనగా స్థాపించుట. 'మెంట్' చేరగా స్థాపన. ఇచ్చట రాజ్యము ఒక చర్చికి అధికార హోదానిచ్చుట. 'డిస్' చేరగా ఆ హోదా రద్దు. 'ఏరియన్' చేరగా ఆ రద్దును కోరువాడు. 'ఇజం' చేరగా అతని వాదము. 'యాంటీ' చేరగా ఆ వాదమునకు వ్యతిరేకత. ఇది ఊరక పేర్చిన పదము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రిటన్‌లో నడచిన వివాదమును ఇది చెప్పుచున్నది. 1869లో చేసిన చట్టము వలన 1871 జనవరి 1 నుండి ఐర్లండులోని ఆంగ్లికన్ చర్చి తన అధికార హోదాను కోల్పోయినది. ఒక పదమును విడదీసినచో ఒక చరిత్ర ఘట్టము బయటపడినది.

ఇంగ్లీషులో సంధులు

ఇంగ్లీషు వర్ణక్రమములో జంట హల్లులు విద్యార్థులకు పెద్ద బాధ. ఇల్లీగల్ అను పదమునకు రెండు 'ఎల్' లు ఏల? ఇర్రెగ్యులర్ అను దానికి రెండు 'ఆర్' లు ఏల? కారణము సంధియే. లేమిని తెలుపు 'ఇన్' అను లాటిన్ ఉపసర్గ లకారమునకు ముందు 'ఇల్' అయినది, రేఫమునకు ముందు 'ఇర్' అయినది, పకార మకారములకు ముందు 'ఇమ్' అయినది. జగత్ నాథుడు జగన్నాథుడగుటయు, సత్ జనుడు సజ్జనుడగుటయు ఇట్టివే. ఖురాను పఠనము నేర్చిన విద్యార్థికి ఇది మరింత పరిచితము. అరబ్బీలోని 'అల్' 14 హల్లులకు ముందు తన లకారమును విడిచి ఆ హల్లునే ద్విత్వము చేయును. అల్-రహ్మాన్ అని వ్రాసి అర్రహ్మాన్ అనియు, అల్-షమ్స్ అని వ్రాసి అష్షమ్స్ అనియు చదువుదుము. చిన్ననాడు మక్తబులో నేర్చిన ఆ సూత్రమే ఇల్లీగల్ అను పదములో పనిచేయుచున్నది.

వసతిగృహముల పలకలపై తరచుగా తప్పుగ వ్రాయబడు 'అకామడేషన్' అను పదమును దీనితో సరిచేసికొనవచ్చును. 'యాడ్' అను ఉపసర్గ 'సీ' అను వర్ణమునకు ముందు తన 'డీ' ని విడిచి 'సీ' ని పొందినది. ఆ పిదప 'కమ్', దాని తరువాత కొలత అను అర్థముగల 'మోడ్' వచ్చినవి. ఉపసర్గ చివర ఒక 'సీ', రెండవ ఉపసర్గ మొదట ఒక 'సీ'. దాని చివర ఒక 'ఎం', ధాతువు మొదట ఒక 'ఎం'. కనుక రెండు 'సీ' లు, రెండు 'ఎం' లు. కారణము తెలిసిన వర్ణక్రమము మరల తప్పదు.

రెండు విభజనలు కలియనిచోట

చెవి చేసిన విభజనయు, అర్థము చేసిన విభజనయు ఎల్లప్పుడు ఒకేచోట పడవు. 'హెలికాప్టర్' అను పదము చెవికి హె-లి-కాప్-టర్. అర్థమునకు అది 'హెలికో' మరియు 'ప్టర్'. మొదటిది సుడి తిరుగునది, రెండవది గ్రీకులో రెక్క. గ్రీకు టెరాన్, సంస్కృతములో రెక్కను తెలుపు పత్రము బంధువులు. 'ప్టర్' అని ఇంగ్లీషు నోరు పలుకలేదు గనుక జనము దానిని హెలి, కాప్టర్ అని కోసిరి. ఆ తప్పు కోతనుండియే హెలిపాడ్ అను క్రొత్త పదము పుట్టి నిలిచినది. 'హ్యాంబర్గర్' కథ కూడ అట్టిదే. అది జర్మనీలోని హ్యాంబర్గ్ నగరము పేరునకు 'ఎర్' చేరగా వచ్చినది. పందిమాంసమును తెలుపు 'హ్యామ్' అను పదముతో దానికి సంబంధము లేదు. చెవి దానిని హ్యామ్, బర్గర్ అని కోసినందున బర్గర్ అనునది స్వతంత్ర పదమైనది.

అచ్చు పుటలో పంక్తి చివర పదమును విరుచునప్పుడు ఈ భేదము మరల కనబడును. బ్రిటిష్ సంప్రదాయము అర్థభాగములను మన్నించి 'ఫోటో' తరువాత విరువ చూచును. అమెరికా నిఘంటువులు పలుకును మన్నించి 'ఫొటాగ్' తరువాత విరుచును. 1983లో ఫ్రాంక్లిన్ లియాంగ్ అను పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో కంప్యూటరుచేత ఈ పని చేయించు పద్ధతిపై సిద్ధాంత వ్యాసము సమర్పించెను.

మన వాకిటి పదములు

ఇంగ్లీషు దీర్ఘపదములన్నియు గ్రీకు, లాటిన్ భాషలనుండియే వచ్చినవి కావు. పాఠకులు చేతబట్టియున్న ఈ సంచికనే చూడుడు. 'మ్యాగజైన్' అను పదము అరబ్బీలోని మఖ్‌జన్ అను పదము యొక్క బహువచనమైన మఖాజిన్ నుండి ఇటలీ, ఫ్రాన్సు దేశముల మీదుగ ఇంగ్లాండు చేరినది. దాని అర్థము నిలువచేయు కొట్టు. మన తెలుగు కచేరీలలో వినబడు ఖజానా కూడ అదే ఖ-జ-న ధాతువునుండి పుట్టినది. 1731లో లండనులో ప్రారంభమైన 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' ఆ పదమును పత్రికకు పేరుగ పెట్టినది. అప్పటినుండి వ్యాసముల కొట్టు అను అర్థము స్థిరపడినది.

తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో నుండిన గణితవేత్త అల్-ఖ్వారిజ్మీ గ్రంథము పేరులోని 'అల్-జబ్ర్' అను మాటయే ఆల్జీబ్రా. ఆయన పేరే మారి ఆల్గరిథమ్ అయినది. ఆల్కహాల్ అను పదము 'అల్-కుహ్ల్' నుండి వచ్చినది. మొదట దానికి కంటికి పెట్టుకొను సుర్మా చూర్ణమని అర్థము. మెత్తని చూర్ణము అనుదానినుండి శుద్ధిచేసిన సారము అనుదానికి, దానినుండి మత్తు ద్రవమునకు ఆ పేరు జరిగినది. ఆల్కలీ అను రసాయన పదము కూడ ఈ కోవలోనిదే.

అయితే 'అల్' కనబడిన ప్రతి పదమును అరబ్బీ అనరాదు. ఎత్తును తెలుపు 'ఆల్టిట్యూడ్' లాటిన్ పదము. 'అలారం' ఇటలీ భాషనుండి వచ్చినది. ఒకే రూపము గలవన్నియు ఒకే పదాంశము కావు. అనుమానము కలిగినప్పుడు నిఘంటువే ప్రమాణము.

ప్రాణము మీదికి వచ్చు పొరబాటు

ఈ విభజనలు పరీక్ష మార్కులకు మాత్రమే అనుకొనరాదు. మన రహదారులపై తిరుగు పెట్రోలు ట్యాంకరుల వెనుక 'ఇన్‌ఫ్లేమబుల్' అను పదము పెద్ద వర్ణములతో వ్రాయబడియుండును. ఇల్లీగల్, ఇంపాజిబుల్ అను పదములను నేర్చిన విద్యార్థి దీనిని కూడ అట్లే విడదీసి, మండనిది అని తలంచును. నిజమునకు ఇచ్చటి 'ఇన్' లేమిని తెలుపునది కాదు. లోనికి అని తెలుపునది. మంటను లోనికి తెచ్చుకొనునది, అనగా సులభముగ అంటుకొనునది అని అర్థము. ఇంగ్లీషు మాతృభాషగ గలవారు కూడ ఈ పొరబాటు చేయుదురేమో యను భయముతో, అగ్నిప్రమాద నివారణకు పాటుపడువారు 20వ శతాబ్దిలో అమెరికాలో 'ఇన్' ను తొలగించి 'ఫ్లేమబుల్' అను రూపమును ప్రచారములోనికి తెచ్చిరి. ఒక్క ఉపసర్గ ఒక పదముయొక్క జీవితమునే మార్చినది.

ఆసుపత్రిలో ఈ ఎరుక మరింత అవసరము. 'హైపర్‌గ్లైసీమియా', 'హైపోగ్లైసీమియా' అను రెండు పదములను చూడుడు. 'గ్లైస్' తీపి, అనగా చక్కెర. 'ఈమియా' రక్తమునకు సంబంధించిన స్థితి. మొదటిదానిలో రక్తములో చక్కెర మించినది, రెండవదానిలో తగ్గినది. ఉపరి, ఉప అను మన శబ్దములను తలచుకొన్నచో రెండును మరువరావు. తగ్గినవానికి చెమటలు, వణకు కలుగును, వెంటనే చక్కెరనీయవలెను. మించినవానికి చక్కెరనిచ్చుట అపాయము. ఇంటిలో మధుమేహ రోగియున్న ప్రతి విద్యార్థియు ఈ రెండు పదములను విడదీసి చదువగలిగియుండవలెను. రక్తహీనతను తెలుపు అనీమియాలో 'అన్', 'ఈమియా' రెండే కలవు. 'ఐటిస్' అను ప్రత్యయము వాపును తెలుపును. హెపటైటిస్ కాలేయపు వాపు, ఆర్థ్రైటిస్ కీళ్ల వాపు. 'ఎక్టమీ' అనగా కోసి తీసివేయుట. ఇట్టి ఇరువది తునకలు తెలిసినవాడు ఆసుపత్రి చీటిలో చాల భాగమును చదువగలడు.

ఇంగ్లీషు నిఘంటువులకెక్కిన మిక్కిలి దీర్ఘపదములలో ఒకటి కూడ ఒక వ్యాధి పేరే: న్యూమోనో-అల్ట్రా-మైక్రోస్కోపిక్-సిలికో-వల్కానో-కోనియోసిస్. దానికి 45 వర్ణములు, 19 అక్షరములు. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ దానిని వినోదమునకై కల్పించెను. వినోదమునకు కల్పించినను నిర్మాణము నిర్దుష్టము: ఊపిరితిత్తి, మించిన, సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడు, సిలికా, అగ్నిపర్వతము, ధూళి, వ్యాధిస్థితి. ఈ వినోదము వెనుకనున్న వ్యాధి మాత్రము వినోదము కాదు. సిలికోసిస్ అను పేరుతో అది రాళ్లు పగులగొట్టు కూలీల ఊపిరితిత్తులలో చేరుచున్నది. వచ్చిన పిదప నయము కాదు. ధూళిని పీల్చకుండ నివారింపవచ్చును. క్వారీలో పనిచేయు తండ్రి చీటిపై ఆ పదమును చదివి, సిలికా ధూళియే కారణమని కుమారుడో కుమార్తెయో గ్రహించినచో ఆ చదువు సార్థకము.

అభ్యాస క్రమము

ఇంతవరకు చెప్పినదానిని ఒక పదముపై ప్రయోగించి చూతము. 'ఇర్రెస్పాన్సిబిలిటీ' అను పదమునకు 16 వర్ణములు. మొదట పెన్సిలుతో అచ్చుల ధ్వనులను గుర్తింపవలెను: ఇర్-రె-స్పాన్-సి-బి-లి-టి అని ఏడు అక్షరములు. రెండవది, చివరి ప్రత్యయమును చూడవలెను: 'ఇటీ' కనబడినది, కనుక ఊనిక దానికి ముందున్న 'బి' పై పడును. మూడవది, ప్రత్యయములను ఒక్కొక్కటిగ వెనుకనుండి తొలగింపవలెను: రెస్పాన్సిబుల్ మిగులును. నాల్గవది, ఉపసర్గను తొలగింపవలెను: 'ఇర్' అనగా 'ఇన్' యొక్క సంధిరూపము; కనుకనే రెండు 'ఆర్' లు. ఐదవది, మిగిలిన ధాతువును నిఘంటువులో చూడవలెను: మాట యిచ్చుట, బదులు పలుకుట అని మూలార్థము. ఇప్పుడు తొలగించిన క్రమమునకు ఎదురుగ మరల కూర్చినచో బాధ్యతారాహిత్యము అను అర్థము తనంత తానే వచ్చును. దినమునకు ఒక పదము చొప్పున ఇట్లు సాధన చేసినచో సంవత్సరాంతమునకు మూడువందలకు పైగా పదములు, వానితోడి కుటుంబములు స్వాధీనమగును.

కళాశాల నిర్వాహక సంఘమువారికి మా మనవి ఒకటి. వ్యుత్పత్తిని తెలుపు ఇంగ్లీషు నిఘంటువులు గ్రంథాలయములో తాళము లేని బల్లపై ఉండవలెను. వారమునకొక దీర్ఘపదమును, దాని విభజనను, ఉర్దూ తెలుగు సమానార్థకములతో ప్రకటన ఫలకముపై వ్రాయించుటకు వ్యయము సుద్దముక్క మాత్రమే. ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు శాఖలవారు నెలకొకమారు కలిసి ఒక తరగతి నడపినచో మూడు భాషలు మూడు గదులు కావు, ఒకే ఇంటి మూడు వాకిళ్లు అని విద్యార్థులకు తెలియును.

అల్-జబ్ర్ అను మాటకు విరిగిన ఎముకను మరల కూర్చుట అను అర్థము కూడ కలదు. తఖ్తీ ముక్కలు చేయుట, జబ్ర్ కూర్చుట. దీర్ఘపదమును చదువుటకు ఈ రెండు పనులు చాలును. మన విద్యార్థినీ విద్యార్థులు ఈ రెండింటిని అలవరచుకొని, పదము నడుమ గొంతు తగ్గించక, కడవరకు ఒకే స్వరముతో చదువుదురుగాక.